దర్వాజకు తెచ్చిన కట్టె టేకేనా? ఇంట్లోనే తేల్చుకునే పద్ధతి

హనుమకొండలో మేం ఇల్లు కట్టుకున్నప్పుడు దర్వాజ నిలబెట్టిన రోజు ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది. పసుపు రాసి, బొట్లు పెట్టి, మామిడాకులు కట్టి, అమ్మ కొబ్బరికాయ కొట్టింది. డిపో అతను ‘అడవి టేకు, ఇట్లాంటిది మళ్ళీ దొరకదు’ అని బజారు ధర కంటే తక్కువకు ఇచ్చాడు. బిల్లు ఇవ్వలేదు, మేం అడగలేదు. మూడో వానాకాలానికి గడప దగ్గర చెద మట్టి లేచింది. వడ్లాయనను పిలిచి చిత్రిక పట్టిస్తే పైన వేసిన రంగు పోయి, లోపల ఎర్రటి మరో కట్టె బయటపడింది.

పోయిన డబ్బు కంటే నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఇంకొకటి. ‘అడవి టేకు’ అన్న మాటకు మేం మురిసిపోయి బేరం కుదుర్చుకున్నాం. ఆ మాటే నిజమై ఉంటే, తాడ్వాయి అడవిలోనో కవ్వాల్ వైపో రాత్రికి రాత్రి కొట్టిన చెట్టు మా ఇంటి ముందు నిలబడి ఉండేది. అబద్ధం కాబట్టి మోసపోయాం. నిజమైతే దొంగసొత్తు కొన్నవాళ్ళమయ్యేవాళ్ళం. కట్టెను చూడటం రాకపోవడం, కాగితం అడగకపోవడం వల్లే ఆ రెండిట్లో ఏదో ఒకటి మాకు తప్పలేదు. ఇప్పుడు ఇల్లు కడుతున్నవాళ్ళు, మంచాలూ తలుపులూ చేయించుకుంటున్నవాళ్ళు ఈ రెండూ నేర్చుకుంటే దొంగకలపకు గిరాకీ తగ్గుతుందని నా నమ్మకం.

చెట్టు నిలబడి ఉన్నంతకాలం దాని పేరు దాచలేరు. లేత టేకు ఆకు నలిపితే అరచెయ్యి ఎర్రబడుతుందని మన దగ్గర పిల్లలకు కూడా తెలుసు. నల్లమద్ది బెరడు మొసలి వీపులా పగుళ్ళు బారి ఉంటుంది. ఏగిస బెరడుకు గాటు పెడితే ఎర్రటి జిగురు కారుతుంది. కోత మిషన్ దాటేసరికి ఆకూ పోతుంది, బెరడూ పోతుంది, పైకి వార్నిష్ వస్తుంది. అప్పుడు మిగిలే సాక్ష్యం కట్టె లోపలి అల్లిక ఒక్కటే. చెట్టు బతికినన్నాళ్ళూ నీళ్ళు పైకి తోడుకోవడానికి కట్టుకున్న ఆ అల్లికను ఎవరూ మార్చలేరు.

ముందు సమకూర్చుకోవాల్సినవి

నగలు చేసేవాళ్ళు కంటికి పెట్టుకుని చూసే 10ఎక్స్ (పది రెట్లు పెద్దగా చూపించే) భూతద్దం ఒకటి కావాలి. దాంతోపాటు కొత్త బ్లేడు వేసిన కట్టర్, చిన్న సీసాలో నీళ్ళు, గ్రాముల దాకా చూపించే వంటింటి డిజిటల్ త్రాసు, పొడవాటి సూది, గాజు గ్లాసు, ఫోన్ దగ్గర పెట్టుకోండి.

డిపోలోనో కోత మిషన్ దగ్గరో మీకు చూపించిన దుంగ నుంచే అగ్గిపెట్టె అంత ముక్క అడగండి. కోసేటప్పుడు మిగిలే చివరి ముక్కలు ఎలాగూ పక్కన పడేస్తారు. అది చేవ నుంచి, అంటే దుంగ లోపలి ముదురు కట్టె నుంచి రావాలి. అంచున ఉండే తెల్లటి కట్టె పనికిరాదు, దాని రంగు చాలా చెట్లలో ఒకేలా ఉంటుంది. ముక్క చేతికి రాగానే తారీకు, ఏ దుంగ నుంచి తీశారో దాని మీదే పెన్సిల్‌తో రాసేయండి. నాలుగు ముక్కలు జేబులో పడ్డాక ఏది ఏ దుంగదో గుర్తుండదు.

ముఖం కొయ్యడం

దీనికి తొందరపడొద్దు, సగం పని ఇదే. మొద్దు నరికినప్పుడు గుండ్రటి గీతలు కనిపించే వైపును అడ్డకోత ముఖం అంటారు. మనకు కావాల్సింది ఆ ముఖం. పలక పొడవునా కనిపించే చారలను బట్టి చెట్టును పోల్చుకోవద్దు. వడ్ల పని చేసే మా మేనమామ ఒకే మాట చెప్పేవాడు: “పక్కలకు రంగేస్తరు బిడ్డా, ముఖానికి ఎవ్వరెయ్యరు. ముఖం జూడు.”

ముఖం మీద రెండు చుక్కల నీళ్ళు వేయండి. అవి ఇంకాక కొత్త బ్లేడుతో ఒకే ఊపున, ఉల్లిపొర అంత సన్నటి పొర లేచేలా కొయ్యండి. బ్లేడు మీ వేళ్ళ వైపు రాకుండా బయటికి పోవాలి. గోరంత జాగా అద్దంలా నున్నగా వస్తే చాలు. మామూలు సాండ్ పేపర్ మాత్రం రుద్దకండి, ఆ పొడి కంతల్లో కూరుకుపోయి చూడాల్సినదాన్నే మూసేస్తుంది. మొదటి రోజు నాకు ఏడెనిమిది కోతలు కోస్తే ఒకటి సరిగ్గా వచ్చింది. ఒకే బ్లేడుతో లాక్కురాకుండా మధ్యలో మార్చాక పని సులువైంది.

భూతద్దంలో ఏం చూడాలి

భూతద్దాన్ని కంటికి దాదాపు ఆనించి, ముక్కను మెల్లగా దగ్గరికి తెచ్చుకోండి. ఎండ పక్క నుంచి పడాలి. మూడు సంగతులు కనిపిస్తాయి. సూదితో గుచ్చినట్టుండే కంతలు నీళ్ళు పైకి పారిన గొట్టాలు. వాటి చుట్టూనో మధ్యనో లేత రంగు మచ్చలు, పట్టీలు ఉంటాయి, అవి మెత్తటి కణాలు. మధ్య నుంచి బయటికి సైకిల్ చక్రం పుల్లల్లా పోయే సన్న గీతలు మూడోవి.

టేకును పట్టించేది కంతల వరస. మన టేకు వేసవిలో ఆకు రాల్చేస్తుంది, తొలకరికి మళ్ళీ చిగురిస్తుంది. ఒక్కసారిగా అన్ని పెద్ద ఆకులకు నీళ్ళు అందించాలి కాబట్టి ఆ ఏడాది మొదట్లో పెద్ద పెద్ద గొట్టాలు వేసుకుంటుంది, తర్వాత వేసేవి చిన్నవవుతాయి. అందుకే అడ్డకోతలో ప్రతి ఏటి గీత వెంబడీ పెద్ద కంతలు దండ గుచ్చినట్టు వరసగా నిలబడి, ఆ వరసను అంటుకుని లేత రంగు పట్టీ ఉంటుంది. అక్కడి నుంచి బయటికి పోయేకొద్దీ కంతలు చిన్నవై పలచబడతాయి. మళ్ళీ ఇంకో దండ మొదలవుతుంది. ఒకసారి ఈ దండను కళ్ళతో చూశారంటే మళ్ళీ మరిచిపోరు. తాజాగా చిత్రిక పట్టిన టేకు వేలికి కాస్త నూనెగా తగులుతుంది, పాత తోలు వాసన వస్తుంది. ఈ రెండూ పాత కట్టెలో తగ్గిపోతాయి, దండ మాత్రం తగ్గదు.

నల్లమద్దిలో దండ ఉండదు. కంతలు ముఖమంతా చెదిరి ఉంటాయి. ఒక్కో కంత చుట్టూ లేత రంగు మచ్చ రెండు పక్కలకూ సాగి, రెప్పల మధ్య కనుపాపలా కనిపిస్తుంది. కట్టె ముదురు గోధుమ రంగులో నల్లటి చారలతో, టేకు కంటే బాగా బరువుగా ఉంటుంది. వేపలోనూ కంతలు చెదిరే ఉంటాయి, చాలా కంతల్లో ఎర్రటి జిగురు నిండి మెరుస్తుంది. మా ఇంటి దర్వాజ ముక్కలో నాకు కనిపించింది ఇదే. చెద పట్టిందన్న ఒక్క కారణంతో అది టేకు కాదని తేల్చలేదు, మీరూ తేల్చకండి. అసలు టేకులోనైనా చేవ పట్టని తెల్లకట్టెను చెద తింటుంది.

జిట్రేగి చేవ ఊదా రంగు కలిసిన గోధుమ రంగులో ఉంటుంది, మధ్యలో నల్లటి చారలు పోతాయి. దాన్ని అడ్డకోతతో ఆపకండి. ముక్కను తిప్పి బెరడు వైపుండే పక్కను నున్నగా చేసి చూస్తే, చెరువు మీద చిరుగాలికి లేచే అలల్లాంటి సన్నటి అడ్డగీతలు కనిపిస్తాయి. జిట్రేగి ప్రజాతిలోని చెట్లన్నిటి అంతర్జాతీయ వ్యాపారం మీదా 2017 జనవరి 2 నుంచి సైటీస్ (ముప్పులో ఉన్న చెట్లు, జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే దేశాల ఒప్పందం) కింద నియంత్రణ ఉంది. అంటే ఈ కట్టె విషయంలో మామూలు కంటే రెట్టింపు జాగ్రత్త అవసరం.

‘ఆఫ్రికా టేకు’ అని బజార్లో వినిపించే పేరుతో మరింత గందరగోళం ఉంది. ఆ పేరుతో రెండు వేర్వేరు కట్టెలు వస్తాయి. ఘనా, టాంజానియా లాంటి దేశాల్లో తోటలు వేసి పెంచిన అసలు టేకు ఒకటి. రెండోది ఇరోకో, అది టేకు జాతే కాదు, మర్రి, పనస కుటుంబంలోది. రంగులో రెండూ దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి అలవాటున్న కన్ను కూడా పొరబడుతుంది. భూతద్దం కింద పెడితే మాత్రం ఇరోకోలో పెద్ద కంతల దండ లేదు, కంతల పక్కన రెక్కల్లాంటి లేత మచ్చలు ఉన్నాయి. ‘టేకేనా’ అని అడిగి ఊరుకోకుండా బిల్లు మీద ఏ దేశం టేకో, ఏ జాతో రాయించుకోండి.

ముఖం నున్నగా వచ్చాక ఫోన్ కెమెరాను భూతద్దానికి ఆనించి ఫొటో తీసుకోండి. అమెరికాలోని నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ నడిపే ఇన్‌సైడ్‌వుడ్ అనే ఆన్‌లైన్ భాండాగారంలో ప్రపంచంలోని వేల జాతుల కట్టె చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి. టేకు శాస్త్రీయ నామం టెక్టోనా గ్రాండిస్‌తో వెతికి పక్కన పెట్టి పోల్చుకోవచ్చు. అంతకంటే మేలైన పని ఇంకోటి ఉంది. మీకు నమ్మకమైన వడ్లాయన దగ్గర టేకు, నల్లమద్ది, వేప, తుమ్మ ముక్కలు తెచ్చి పేర్లు రాసి డబ్బాలో పెట్టుకోండి. అనుమానం వచ్చిన ముక్కను వాటి పక్కన పెట్టి చూస్తే తేడా తేలిగ్గా తెలుస్తుంది.

త్రాసు, గ్లాసు

భూతద్దం చెప్పినదాన్ని బరువుతో సరిచూసుకోవాలి. ముక్కను వారం రోజులు ఎండలో పెట్టి, బరువు ఇక తగ్గడం ఆగాక తూచండి. 21 గ్రాములు ఉందనుకుందాం. ఇప్పుడు గ్లాసులో నీళ్ళు పోసి త్రాసు మీద పెట్టి, త్రాసును సున్నాకు తెచ్చుకోండి. ముక్కకు సూది గుచ్చి, గ్లాసు అడుగుకూ గోడకూ తగలకుండా పూర్తిగా నీళ్ళలో ముంచి పట్టుకోండి. త్రాసు 32 గ్రాములు చూపిస్తే ముక్క ఘనపరిమాణం 32 ఘన సెంటీమీటర్లు. 21ని 32తో భాగిస్తే 0.66 వస్తుంది. ఎండిన టేకుకు ఇది సాధారణంగా 0.6 నుంచి 0.7 మధ్య ఉంటుంది. నల్లమద్ది, జిట్రేగి 0.8 పైన ఉంటాయి. ముంచడం, చూడటం రెండు మూడు సెకన్లలో అయిపోవాలి, లేకపోతే కట్టె నీళ్ళు పీల్చుకుంటుంది.

ఇదే లెక్కతో చేసి తెచ్చిన దర్వాజను కూడా పరీక్షించవచ్చు. 7 అడుగుల ఎత్తు, మూడున్నర అడుగుల వెడల్పు, 5 అంగుళాలు బై 3 అంగుళాల కట్టె అనుకోండి. నాలుగు పక్కలూ కలిపి 21 అడుగులు, అంటే దాదాపు 2.2 ఘనపుటడుగులు. ఎండిన టేకు ఘనపుటడుగుకు సుమారు 18, 19 కిలోలు తూగుతుంది కాబట్టి దర్వాజ 40 కిలోల చుట్టుపక్కల ఉండాలి. 55 కిలోలు తూగితే అది పచ్చి కట్టె అయినా అయి ఉండాలి, వేరే కట్టె అయినా అయి ఉండాలి. రెండిట్లో ఏదైనా మీరు ఒప్పుకోవాల్సిన పని లేదు.

ఏగిసకు ఒక చక్కటి పరీక్ష ఉంది. చేవ పొట్టు చిటికెడు గాజు గ్లాసు నీళ్ళలో వేసి అరగంట ఆగండి. నీళ్ళు పసుపు గోధుమ రంగుకు తిరుగుతాయి. గ్లాసు వెనక నల్లగుడ్డ పెట్టి ఎండలో చూస్తే ఆ నీళ్ళలో నీలి మెరుపు తేలుతుంది. దొంగనోట్లు చూసే యూవీ టార్చి వేస్తే మరింత బాగా కనిపిస్తుంది. ఈ చెట్టు చేవతోనే షుగర్ ఉన్నవాళ్ళకు గ్లాసులు చేసి అమ్ముతుంటారు. ఆ గిరాకీ, కలప గిరాకీ కలిసి ఏగిసను ముప్పు అంచుకు తెచ్చాయి. ‘టేకే’ అని ఇచ్చిన ముక్కలో ఈ మెరుపు కనిపిస్తే అక్కడితో ఆగి పర్మిట్ అడగండి.

మొద్దుకూ దుంగకూ జత కలపడం

ఇది అడవి పక్కన ఉండేవాళ్ళకు, వన సంరక్షణ సమితుల్లో పనిచేసేవాళ్ళకు. కట్టెతో నేరం రుజువు కావచ్చని ప్రపంచానికి చూపించిన కేసు 1935 నాటిది. అమెరికాలో విమానయానంతో పేరు పొందిన లిండ్‌బర్గ్ కొడుకును 1932లో ఎత్తుకుపోయినవాడు ఇంటి దగ్గర ఒక కట్టె నిచ్చెన వదిలేశాడు. మాడిసన్‌లోని ఫారెస్ట్ ప్రొడక్ట్స్ లేబొరేటరీలో పనిచేసే ఆర్థర్ కోలర్ ఆ నిచ్చెన పలకల మీద చిత్రిక మిషన్ వదిలిన గీతలను పట్టుకుని, కొన్ని పలకలు ఏ మిల్లులో తయారయ్యాయో, ఏ డిపోకు వెళ్ళాయో కనిపెట్టాడు. ఒక పలక నిందితుడి ఇంటి అటకలో కోసేసిన పలకలోని ముక్కేనని ఏటి గీతలతో, మేకుల రంధ్రాలతో కోర్టులో చూపించాడు.

మన అడవిలోనూ అదే సూత్రం పనిచేస్తుంది. టేకు ఏటి గీతలు స్పష్టంగా ఉంటాయి. కరువు ఏడాది గీత సన్నగా, మంచి వానల ఏడాది గీత వెడల్పుగా పడుతుంది. ఆ సన్న, వెడల్పు గీతల వరస, మధ్యలోని తొర్ర, పగుళ్ళు, చేవ ఆకారం నేలలో మిగిలిన మొద్దు మీద ఎలా ఉంటాయో కొట్టి ఎత్తుకుపోయిన దుంగ అడుగు ముఖం మీద కూడా అలాగే, అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి. కొత్తగా కొట్టిన మొద్దు కనిపిస్తే నిలువునా పై నుంచి, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి. చుట్టుకొలత, చోటు, తారీకు రాసుకోండి. మొద్దును కదిలించకండి, దాని మీద చెక్కకండి. దుంగ దొరికిన రోజున ఆ మొద్దే సాక్షి అవుతుంది.

కట్టెతో పాటు కాగితం

భూతద్దం చెప్పేది ఏ చెట్టో మాత్రమే. పట్టా భూమిలో పెంచిన టేకుకూ, రిజర్వ్ ఫారెస్టులో కొట్టిన టేకుకూ అల్లిక ఒకటే. గీతలు వెడల్పుగా, తెల్లకట్టె ఎక్కువగా ఉంటే త్వరగా పెరిగిన చిన్న వయసు చెట్టని ఊహించవచ్చు కానీ అది రుజువు కాదు. ఎక్కడి నుంచి వచ్చిందో కాగితం చెప్పాలి. కాగితం నిజమో కాదో కట్టె చెప్పాలి. రెండూ చేతిలో పెట్టుకుని ఒకదానితో ఒకటి కలిపి చూడాలి. దొంగకలప ఎక్కువగా దాక్కునేది ఈ రెండిటి మధ్యే. పర్మిట్ మీద ఒక జాతి ఉంటుంది, లారీలో ఇంకోటి ఉంటుంది.

మన రాష్ట్రంలో కలప రవాణాకు 1967 నాటి అటవీ చట్టం, 1970 నాటి రవాణా నియమాలు వర్తిస్తాయి. సొంత పొలంలో టేకు కొట్టాలన్నా, తరలించాలన్నా అటవీ శాఖ అనుమతి కావాలి. మినహాయింపు ఉన్న చెట్ల జాబితా మీ రేంజ్ ఆఫీసులో చూపిస్తారు. డిపోలో పర్మిట్ అడిగి జాతి, దుంగల సంఖ్య, కొలతలు, బండి నంబరు, ఎక్కడి నుంచి ఎక్కడికి, గడువు తారీకు చూడండి. దుంగ చివర అటవీ శాఖ వేసే సుత్తి ముద్ర ఉందో లేదో చూడండి. 2023 డిసెంబరులో కేంద్రం దేశమంతటికీ నేషనల్ ట్రాన్సిట్ పాస్ సిస్టమ్ మొదలుపెట్టింది. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన సరుకుకు ఆ పాస్ ఉంటే దాని మీది క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేయండి.

దుంగ కొలతనూ ఒకసారి లెక్కేయండి. చుట్టుకొలతను నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని దాంతోనే గుణించి, పొడవుతో గుణించాలి. చుట్టుకొలత 40 అంగుళాలు, పొడవు 10 అడుగులైతే నాలుగో వంతు 10 అంగుళాలు, దాని వర్గం 100 చదరపు అంగుళాలు. 144తో భాగించి పొడవుతో గుణిస్తే దాదాపు 7 ఘనపుటడుగులు. పర్మిట్‌లో ఉన్న మొత్తానికీ, డిపోలో అమ్ముడవుతున్న సరుకుకూ పొంతన లేకపోతే ఒకే పర్మిట్ మీద చాలా బండ్లు తిరిగాయని అనుమానించాలి.

ఇంకో మాట చాలామంది నమ్మి కొంటున్నారు కాబట్టి చెప్తున్నాను. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో గాలివానకు వేల చెట్లు కూలాయి. వెళ్ళి చూసినవాళ్ళకు కడుపు తరుక్కుపోయింది. గాలికి కూలిన చెట్టు కూడా అడవి సొత్తే. ‘ఎవరూ కొట్టలేదు, దానికదే పడింది’ అన్నంత మాత్రాన పర్మిట్ అవసరం లేకుండా పోదు.

ల్యాబుకు ఎప్పుడు పంపాలి

కొనుగోలు పెద్దదైతే, డిపోతో గొడవ తేలకపోతే ముక్కను బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీకి గానీ, డెహ్రాడూన్‌లో 1906 నుంచి ఉన్న ఫారెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌కు గానీ పంపవచ్చు. ఫీజు కట్టించుకుని పరీక్షించి ఏ జాతో రాసిస్తారు. అక్కడ ముక్కను మెత్తబరిచి, కాగితం కంటే సన్నటి పొరలు తీసి, రంగు పట్టించి మైక్రోస్కోప్ కింద చూస్తారు. 1989లో కట్టె శాస్త్రజ్ఞుల అంతర్జాతీయ సంఘం ఖరారు చేసిన 163 లక్షణాల జాబితా ఈ పనికి ఆధారం.

ఏ అడవిదో తేల్చడానికి వేరే పద్ధతులున్నాయి. చెట్టు తాగిన నీటిలో, పెరిగిన మట్టిలో ఉండే ఐసోటోపుల (ఒకే మూలకంలో బరువు తేడాతో ఉండే పరమాణువుల) పాళ్ళు కట్టెలో మిగిలిపోతాయి, వాటిని బట్టి ప్రాంతాన్ని అంచనా వేస్తారు. డీఎన్‌ఏతో దుంగకూ మొద్దుకూ ఉన్న సంబంధం చెప్పవచ్చు. 2021లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో మేపుల్ చెట్ల దొంగతనం కేసులో ఫెడరల్ కోర్టు ముందుకు చెట్టు డీఎన్‌ఏ సాక్ష్యంగా వచ్చింది. చేవలోని కణాలు చచ్చిపోయినవి కాబట్టి డీఎన్‌ఏ అందులో బాగా పాడవుతుంది. అందుకే ఆ పరీక్షకు తెల్లకట్టె, బెరడు దగ్గరి ముక్క మేలు. భూతద్దానికి పనికిరానిదే ఇక్కడ పనికొస్తుంది. ఈ పరీక్షలన్నిటికీ పోల్చి చూసే నమూనాలు ముందే ఉండాలి. మన ఏటూరునాగారం, కవ్వాల్, పాకాల అడవుల టేకు నమూనాలు చోటు వారీగా సేకరించి పెట్టడం మన యూనివర్సిటీలు చేయాల్సిన పని అని గట్టిగా అనుకుంటాను.

కేసుకు వెళ్ళే ముక్కను మాత్రం మీరు తీయకండి. అటవీ అధికారులు పంచనామా రాసి, సాక్షుల ముందు తీసి, సీలు వేసి పంపితేనే కోర్టులో నిలుస్తుంది. అనుమానం ఉన్న బండిని రోడ్డు మీద ఆపడం, డిపోలో నిలదీయడం చేయకండి, ప్రాణం మీదికి వస్తుంది. బండి నంబరు, టైము, ఏ దారిన పోతోంది, దుంగలా కోసిన సైజులా, ఏ కట్టెలా అనిపించింది, అంతా రాసుకుని రేంజ్ ఆఫీసుకు గానీ, అపాయం ఉంటే 112కు గానీ ఫోన్ చేయండి. మీ పేరు బయటికి రావొద్దని ముందే చెప్పండి.

కొన్న తర్వాత బిల్లు, పర్మిట్ జిరాక్స్, ముఖం ఫొటో ప్రింటు, పేరు రాసిన ముక్క ఒకే కవర్లో పెట్టి దాచుకోండి. పాత దర్వాజ తీసేసి మళ్ళీ నిలబెట్టినప్పుడు మేం అలాగే చేశాం. ఆ కవరు ఇంటి కాగితాలతో పాటు బీరువాలో ఉంది.